శేరుకు పెట్టిన దిష్టిచుక్క

పోయిన వారం హిందూపురం నుంచి ఎనుముల మేతకని చెనక్కాయ చెక్క మూటలు తెచ్చిన బండివాడు, మూటలన్నీ దింపి, తలగుడ్డతో మొహం తుడుచుకుని, "ఆ యమ్మ పోయిందప్పా" అన్నాడు. ఏ యమ్మ అని నేను అడగలేదు. హిందూపురంలో పేరు చెప్పకుండా "ఆ యమ్మ" అంటే పాడి తెలిసిన వాళ్లందరికీ ఒక్క మనిషే. బండివాడికి చెంబెడు మజ్జిగ ఇచ్చి పంపాను. ఆ పూట ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఆమె పేరు రాద్దామంటే నాకు తెలియదు. పదేళ్లకు పైగా ఆ ఇంటికి పోయి వచ్చినవాణ్ణి, నోరారా పెద్దమ్మా అని పిలిచినవాణ్ణి, ఒక్కసారీ పేరు అడగలేదు. అసలు ఆమెకే మనుషుల పేర్లతో పని ఉండేది కాదు. పాలకు వచ్చేవాళ్లను గిన్నెలను బట్టి గుర్తుపెట్టుకునేది. తాలూకా ఆఫీసు గుమాస్తా సొట్టచెంబు. బట్టలంగడి శెట్టిగారి ఇంటావిడ మూతగిన్నె. బడిపంతులుగారు పాపం చిల్లుగిన్నె, ఆ చిల్లుకు లక్క అతికించి చాలా ఏళ్లయినా సరే. మనిషి మొహం చూడకుండా గిన్నె వైపే చూసి మాట్లాడేది. అలాగని మనుషులు పట్టని మనిషి కాదు. "చిల్లుగిన్నె రెండు దినాలాయ రాక. ఆయప్ప బిడ్డకు జరమన్యారు. ఒక చెంబు పాలు పోసిచ్చి, ఎట్లుండాదో చూసిరా" అని ఒకసారి నన్నే పంపింది. నేను పోయి చూసి వచ్చి, పంతులుగారి బిడ్డకు నెమ్మదించిందని చెబితే, "అయితే రేపట్నుంచి మళ్లా వస్తాడు" అని మాత్రం అంది.

పొట్టి మనిషి. చీర మోకాళ్ల పైకి ఎగగట్టి, కొంగు నడుముకు బిగించి, కొట్టంలో అటూ ఇటూ తిరుగుతుంటే ఎనుముల నడుమ కనిపించేది కూడా కాదు. గొంతు మాత్రం వీధి చివరకు వినిపించేది. ఎనుములతో తెలుగు, బయట బేరగాళ్లతో కన్నడం, కోపం వస్తే రెండూ. నస్యం పీల్చడం ఒక్కటే వ్యసనం. అది కూడా పాలు పిండడం అంతా అయ్యాక, చేతులు రెండుసార్లు కడుక్కుని, వీధి అరుగు మీదికి వచ్చి పీల్చేది. బెంగుళూరు ప్యాసింజరు కూత వేసే లోపల పాలన్నీ గిన్నెల్లోకి పోవాలి. ఏ రోజైనా ఆలస్యమైతే ఆ రోజంతా తనను తానే తిట్టుకుంటూ తిరిగేది.

ఆమె దగ్గరికి నేను చేరింది నా తెలివితేటల వల్లనే. ఎందుకంటే ఆ తెలివే నన్ను ముంచబోయింది. కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. హిందూపురంలో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్నాను. ఎస్సెస్సెల్సీ ప్యాసైనవాణ్ణి, ఒకడి గద్దె కింద కూర్చుని రాయడమేమిటన్న రోషం ఒకటి ఉండేది. మాది పెనుకొండ. ధర్మవరంలో మగ్గాలు పెరుగుతున్నాయి, మగ్గాలతో పాటు కాఫీ హోటళ్లూ పెరుగుతున్నాయి. చీరలు నేసేవాళ్లు తెల్లవారకముందే మగ్గం గుంతలో దిగి ఒక విడత పని ముగించుకుని కాఫీకి వచ్చి కూర్చుంటారు. ఆ కాఫీకి పాలు కావాలి. పొద్దున రైలుకు పెనుకొండ నుంచి క్యాను వేస్తే సరిగ్గా ఆ వేళకు అందుతుంది. ఒక హోటలాయనతో దినానికి పన్నెండు శేర్లకు మాట కుదుర్చుకున్నాను. మా నాయనను పట్టుబట్టి ఒప్పించి, చెరువు కింద మాకున్న అరెకరం మడి అమ్మించాను. మాకున్న తడి భూమి అదొక్కటే. తక్కినదంతా వాన పడితేనే పండే మెట్ట.

దీపావళి వెళ్లాక హిందూపురం సంతలో అయిదు ఎనుములు కొన్నాను. అన్నీ కొత్తగా ఈనినవి, పొదుగులు నిండుగా ఉన్నవి. మనిషిని తోడు పెట్టుకుని, దూడలతో సహా పెనుకొండకు తోలుకుపోతూ, ఊరి చివర ఒక ఇంటి ముందు తొట్టి కనబడితే నీళ్లకు ఆపాను. ఆ ఇల్లు ఆమెది. బయటికి వచ్చి ఒక్కొక్క ఎనుము వెనక్కీ పోయి చూసింది.

"అన్నీ ఎప్పుడీనినాయబ్బా?"

"అన్నీ ఈ నెల్లోనే పెద్దమ్మా. రెండు వారాలు తిరిగి ఏరి ఏరి పట్టినా."

"శానా బాగా ఏరినావు. అన్నీ ఒకేసారి ఈనినాయి. ఒకేసారి ఒట్టిపోతాయి. పాలు యాడికి పోస్తావు?"

"ధర్మవరం ఓటలుకు."

"అన్నీ ఒట్టిపోయినప్పుడు ఆ ఓటలాయప్పకు ఏం పోస్తావు?"

ఓర్వలేనితనం అనుకున్నాను. నీళ్లు తాగించినందుకు ఒక దండం పెట్టి, ఎనుములను అదిలించుకుని వచ్చేశాను.

నాలుగు నెలలు రాజాలాగా గడిచింది. పన్నెండు శేర్లు పోసి, ఇంటికి మిగిలి, అమ్మ నెయ్యి కూడా కాచింది. ఉగాది వచ్చేటప్పటికి పన్నెండుకు బొటాబొటిగా వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ పదికి, తొమ్మిదికి దిగింది. అయిదూ మాట్లాడుకున్నట్టు ఒక్కసారే తగ్గుముఖం పట్టాయి. ఒక చెంబు నీళ్లు కలిపితే ఎవరికి తెలుస్తుందిలే అనే ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. రెండు దినాలు ఆ చెంబు చేతిలో పట్టుకునే తిరిగాను. హోటలు పోతే అమ్మిన మడి ఊరికే పోయినట్టే. మడి పోతే నాయన మొహం చూడలేను. మూడో దినం చెంబు కింద పెట్టి హిందూపురం రైలెక్కాను.

నన్ను చూసి, "నేను చెప్పింది జరిగిందా లేదా" అని ఆమె అనలేదు. ఆ ఒక్కదానికే నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. "పదైదు దినాలు ఈడుండు. ఎనుమును మాత్రం ముట్టుకోవద్దు" అంది.

పాడి నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి ఎనుమును ముట్టుకోవద్దంటే ఏం నేర్చుకునేది? మొదట అయిదు దినాలు వాకిట్లో కూర్చోబెట్టింది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు గొణిగారు, ఎవరు ఎప్పటికంటే ఎక్కువ అడిగారు, అన్నీ సాయంత్రం చెప్పాలి. శెట్టిగారింట్లో ఒక శేరు ఎక్కువ తీసుకున్నారని చెబితే, "యాల?" అని కారణం అడిగేది. తెలియదంటే, "మరి నువ్వు కూకోని చూసిందేంది?" అనేది. తర్వాత పేడ దగ్గర నిలబెట్టింది. "చదువుకున్నోనివి గదా, ఇది చదువు" అని కాలి బొటనవేలితో పేడ చూపించింది. అందులో పత్తిగింజలు గింజలుగానే కనబడ్డాయి. "నానబెట్టకుండా పెట్టినారు. నా దుడ్లు అట్లే బయటికి వచ్చినాయి చూడు" అని, మేత పెట్టే మనిషిని పిలిచి, తిట్టకుండా, ఆ గింజలను అతనితోనే లెక్కబెట్టించింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట ఆమె ఏ పనీ చేసేది కాదు. గంప బోర్లించి దాని మీద కూర్చుని ఎనుములను చూసేది. నన్నూ చూడమనేది. "ఏం చూడాల పెద్దమ్మా?" అంటే, "నిన్నటికీ ఈ పొద్దుకీ ఏం మారిందో అది చూడు" అనేది. మొదట్లో నాకు కునుకు వచ్చేది. వారం గడిచేసరికి ఏ ఎనుము నెమరు తగ్గించింది, ఏది ఎదకు వస్తూ ఉంది, ఏది పక్కదాని మేత లాక్కుంటూ ఉంది, నాకే కనబడటం మొదలయింది. మండీలో నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి నేర్చుకోనిది ఆ గంప మీద నేర్చుకున్నాను.

అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది ఆమె పాలు కొలిచే తీరు. మా వైపు పిండిన పాలు పిండినట్టు ఒకే కుండలో పోస్తారు. ఏ ఎనుము ఎంత ఇచ్చిందని విడిగా కొలవరు. కొలిస్తే దిష్టి తగిలి ఎనుము పాలివ్వడం మానేస్తుందని అందరికీ భయం. ఈమె మాత్రం వారానికి రెండుసార్లు ప్రతి ఎనుము పాలనూ విడిగా శేరుతో కొలిచేది. కొలిచి, ఆ ఎనుము కట్టుగొయ్యకు ఎదురుగా గోడ మీద సున్నంతో గీతలు గీసేది. చదువు రాకపోయినా ఆరు నెలల కిందట ఏది ఎంత ఇచ్చిందో ఆ గోడను చూసి చెప్పేది. ఎప్పుడు ఎద అయింది, ఎప్పుడు ఈనుతుంది అనేదానికి ఎర్రమట్టి చుక్కలు. ఏడాదిలో ఏ నెలా పాలు లేకుండా పోకుండా, ఒకటి ఒట్టిపోయే వేళకు ఇంకొకటి ఈనేటట్టు ఆ చుక్కలే చూసుకునేవి.

"దిష్టి తగల్దా పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె శేరు బోర్లించి చూపించింది. అడుగున కాటుకతో ఇంత లావు చుక్క పెట్టి ఉంది. "తగిలితే దీనికి తగలనీ. కంచుది, దీనికేం పోతాది?" అంది. నవ్వలేదు. ప్రతి కొలతకూ ముందు ఆ చుక్క చెరిగిందేమో చూసుకునేది, చెరిగితే కొత్తగా పెట్టేది. ఆమెకు దిష్టి మీద నమ్మకం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కొలత మీద మాత్రం గట్టి నమ్మకం.

చివరి రోజు నన్ను అడిగింది. "నీ ఎనుముల్లో ఏది నీకు కూడు పెడ్తాది? దేనికి నువ్వు కూడు పెడ్తాండావు?" తెలియదన్నాను. "తెల్సుకోని, అప్పుడు అమ్మేదేందో, కొనేదేందో చూడు. దానికంటే ముందు ఆ ఓటలాయప్ప దగ్గరికి పో. పాలు ఇంకా తగ్గకముందే తగ్గుతాయని చెప్పు. అయిపోయినాక చెప్తే ఎగ్గొట్టినాడంటారు."

హోటలాయన దగ్గరికి పోవడానికి నా కాళ్లు రాలేదు. పోయాను. చెప్పాను. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని అంతా విని, "ఇన్నేండ్లలో పాలోళ్లందరూ నాకు అయిపోయినాకే చెప్పినారప్పా" అన్నాడు. ఆషాఢం దాకా ఎనిమిది శేర్లు పోస్తే చాలన్నాడు. ఆషాఢంలో మళ్లీ పన్నెండు పోయకపోతే వేరే మనిషిని చూసుకుంటానని కూడా అన్నాడు. నాకు మూడు నెలల గడువు దొరికింది.

ఇంటికి వచ్చి శేరు తీసి కొలుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. అడుగున నేను పెట్టిన కాటుక చుక్క చూపించాక దాన్ని కొంగుతో తుడిచేసి, "చుక్క నేను పెడ్తా, నీకు చేత కాదు" అంది. కొలిచాము. సంతలో కొన్న అయిదింటిలో రెండు అప్పుడే సగానికి దిగాయి. అవి పాల మీద ఉండగానే అమ్మితే ధర వస్తుంది. అసలు దెబ్బ ఆరో ఎనుము దగ్గర తగిలింది.

అది అమ్మ ఎనుము. పేరు బంగారి. పుట్టిన మూడోనాడే తల్లి చచ్చిపోతే, అమ్మ పాలలో గుడ్డ ముంచి నోట్లో పెట్టి బతికించింది. అది పూటకు పావుశేరు ఇస్తోంది. తినేది అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే అమ్మ గంజి, తవుడు ముందు దానికే పోస్తుంది. మూడూ అమ్మితే ఆషాఢానికి ఈనే చూడి ఎనుములు రెండు వస్తాయి. బంగారిని ఉంచుకుంటే ఒక్కటే వస్తుంది, పన్నెండు శేర్లు కావు. ఈ లెక్క నేను అమ్మకు చెప్పాను. "దాన్ని తోలుకుపొయ్యే పొద్దు నన్ను కూడా ఆ తాడుకే కట్టి తోలుకుపో" అని లోపలికి పోయింది. నాయన నా వైపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. రెండు ఎనుములు అమ్మి ఒకటి కొన్నాను. రెండోదానికి దారి లేదు. వైశాఖం నడుస్తోంది.

మళ్లీ హిందూపురం పోయి పెద్దమ్మను బతిమాలి పిలుచుకొచ్చాను. అమ్మకు ఆమె చెబితే వింటుందని నా ఆశ. రైలు దిగి ఇంటికి వచ్చి, కాఫీ కూడా తాగకుండా కొట్టమంతా చూసింది. బంగారి దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడింది. తర్వాత మా నాయన ముందే నన్ను అడిగింది.

"ఈ కొట్టంలో ఎంతమంది పని చేస్తాండారబ్బా?"

"నేను, నాయన, పేడ తీసే మనిషి."

"పాలు పిండేదెవురు?"

"అమ్మ."

"మేత పెట్టేది, దూడల్ని ఇడ్సేది, క్యాన్లు కడిగేది?"

"అమ్మే."

"పేడ తీసే మనిషికి నెలకింతని ఇస్తాండావు గదా. మీయమ్మకెంత?"

నాయన నవ్వి, "ఇంటి మనిషికి కూలేందమ్మా?" అన్నాడు.

"ఎనుములకు తవుడెంత, చెక్కెంత, రైలుకెంత, అన్నీ రాసుకున్నాడు నీ కొడుకు. ఈమెను మాత్రం రాసుకోలేదు. ఈమె ఒక నెల మంచం పడ్తే అప్పుడు తెలుస్తాది మీ కొట్టానికి లాభమో నష్టమో" అంది ఆమె. నాయన నవ్వు ఆపేశాడు. నేనేమో, ఎస్సెస్సెల్సీ ప్యాసై, మండీలో నాలుగేళ్లు చిట్టాలు రాసి, అమ్మను ఒక్క గడిలోనూ రాయలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

తలుపు చాటున నిలబడిన అమ్మ బయటికి వచ్చింది. పెద్దమ్మ ఆమె వైపు తిరిగి, మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది. "నా ఇంట్లో కూడా ఒక ముసిలి ఎనుముండాది. మూడేండ్లాయ ఒట్టిపోయి. వెనకపక్క కట్టేస్తా, నీ కొడుకు కూడా చూసిండడు. అది కొట్టం మేత తినదు. నా జీతమని నెలకింత నేను తీసుకుంటా. దాంట్లో దానికి మేత కొంటా. నువ్వు కూడా అట్ల చెయ్యి. నీ జీతం నువ్వు తీసుకో, నీ బంగారిని నువ్వు మేపుకో. కొట్టానికీ దానికీ సంబంధం లేదు."

ఆ నెల నుంచి అమ్మకు జీతం మొదలయింది. పేడ తీసే మనిషి జీతానికి రెండింతలు. నాయనే తెచ్చి చేతికి ఇచ్చాడు. అమ్మ ఆ నోట్లను రెండు దినాలు బియ్యం డబ్బాలో పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. పెళ్లయి ముప్పై ఏళ్లలో ఆమె చేతికి ఆమెదని వచ్చిన మొదటి సొమ్ము అది. దాంట్లోంచే బంగారికి తవుడు తెప్పించింది, చెక్క తెప్పించింది. మూటలు వచ్చిన ప్రతిసారీ దగ్గర నిలబడి తూకం చూసింది. బంగారి ముందు పోసే మేత కాస్త కాస్తగా తగ్గడం నేను గమనించాను.

రెండో నెల జీతం చేతికి వచ్చిన నాడు అమ్మ నన్ను పిలిచింది.

"సంత ఎప్పుడురా?"

"ఎందుకమ్మా?"

"దీన్ని తోలుకుపోదాం. నా దుడ్లన్నీ ఇదే తింటాండాది."

నన్ను తాడు పట్టుకోనివ్వలేదు. తానే తోలుకొచ్చింది. దోవంతా కళ్లు తుడుచుకుంటూనే నడిచింది. సంతలో మాత్రం కళ్లు తుడుచుకుని, కొనేవాడితో గంటసేపు బేరమాడి, నేను ఇక చాలనుకున్న ధర మీద ఇంకా పది రూపాయలు రాబట్టింది. దానికి తన జీతంలో మిగిలింది కలిపి నెలలోపల ఈనే ఎనుమును తానే చూసి కొంది. ఆషాఢంలో హోటలుకు పన్నెండు శేర్లు పోశాము. తర్వాత శేర్లు పోయి లీటర్లు వచ్చాయి, ఆ క్యానుకు తోడు ఇంకో మూడు క్యాన్లు వచ్చాయి. చెరువు కింద మడి కూడా తిరిగి కొన్నాము. ఇప్పుడు కొట్టంలో ఏది అమ్మాలి, ఏది కొనాలి అనేది అమ్మ మాటే. నేను క్యాన్లు మోసేవాణ్ణి.

బంగారిని అమ్మిన సంగతి చెప్పడానికి ఆ వారమే పెద్దమ్మ ఇంటికి పోయాను. మెచ్చుకుంటుందని నా మనసులో ఉంది. ఆమె గంప మీద కూర్చుని విన్నది.

"మీయమ్మ నాకంటే గట్టిదబ్బా" అంది చివరకు. "నాకు చేతగాలా. మూడేండ్లుగా ప్రతి సంతకూ అనుకుంటా, తాడు విప్పుతా, మళ్లా కట్టేస్తా. జీతం, గీతం అని మీయమ్మకు చెప్పినానే, అదంతా నాకు నేను చెప్పుకునే సాకు. ఒకసారి మీయమ్మను ఈడికి పంపు. దీన్ని కూడా ఆమె చేత్తో సంతకు తోలిస్తే నాకు మేలు."

అమ్మకు చెప్పాను. మరుసటి సంతకు పొద్దున రైలుకే పోయింది, ఒంటరిగా. నేను సాయంత్రం స్టేషనుకు పోయి ఎదురుచూశాను. దిగింది. ఇద్దరం ఇంటి దారి పట్టాం. ఎంతకు అమ్మినారమ్మా అని అడిగాను.

"అమ్మలేదురా. అమ్మొద్దని చెప్పి వచ్చినా."

"పావుశేరు కూడా ఇయ్యదే అది."

"ఇయ్యదు. నేను పోయినప్పట్నుంచి మాపటిదాకా ఆడే కూకున్నా. కొట్టంలో పని అయిపోతానే ఆమె పోయి దాని పక్కన కూకోని, ఆ పొద్దు జరిగిందంతా దానికి చెప్తాండాది. ఆ ఇంట్లో ఆమె మాట వినేదానికి అదొక్కటే ఉండాదిరా. నాకైతే మీరంతా ఉండారు."